జర్మనీలో ఉన్నా చూసేది తెలుగు చానెళ్లే: జర్మన్ వార్తల్లోకి ఎలా రావాలి?

కొత్తకాపు_స్టుట్‌గార్ట్:
అందరికీ నమస్కారం. స్టుట్‌గార్ట్ పక్కన ఒక చిన్న ఊళ్లో ఉంటున్నాం. ఆఫీసులో పనంతా ఇంగ్లిష్‌లోనే. జర్మన్ ఏ2 దాకా క్లాసుకు వెళ్లి ఆపేశాను (భాషా స్థాయిలు కింది నుంచి పైకి ఏ1, ఏ2, బి1, బి2, సి1, సి2). బ్లూ కార్డు (పెద్ద చదువు చదివిన విదేశీ ఉద్యోగులకిచ్చే నివాస అనుమతి) మీద ఉన్నాను కాబట్టి బి1 ఉంటే 21 నెలలకే శాశ్వత నివాసానికి అప్లై చేయొచ్చు, ఏ1తో అయితే 27 నెలలు ఆగాలి. అదంతా తెలిసినా పుస్తకం తెరవబుద్ధి కావడం లేదు. సాయంత్రం ఇంటికి రాగానే ఫోన్లో తెలుగు డిబేట్లు, ఒకదాని వెనక ఒకటి. ఉంటున్న ఊళ్లో ఏం జరుగుతోందో మాత్రం ఏమీ తెలియదు.

వార్తలతో భాష నేర్చుకోమని చాలామంది అంటారు. జర్మన్ ప్రసార సంస్థ డాయిచె వెలె వాళ్ల నెమ్మది వార్తలు పెట్టుకున్నా, ఒక్క వాక్యం కూడా పట్టుబడలేదు. పైగా వలసదారుల మీద వచ్చే వార్తలు చూస్తే ఉన్న ఉత్సాహం కూడా పోతోంది. మూడు ప్రశ్నలు:
ఏ వార్తలతో మొదలుపెట్టాలి, ఎలా?
వీసా, పౌరసత్వం వార్తల్లో ఏది నమ్మాలి?
తెలుగు న్యూస్ పూర్తిగా మానేయాలా?

నెకర్_తీరం:
కొత్తకాపు గారూ, మీరు మొదలుపెట్టిన చోటే తేడా వచ్చింది. డాయిచె వెలె నెమ్మది వార్తల్లో చదివే వేగమే తక్కువ, భాష మాత్రం అసలు వార్తల భాషే. అవి బి2, సి1 స్థాయి వాళ్లకోసం పెట్టినవి. ఏ2లో ఉన్నవాళ్లు పేరు చూసి అందులోకి దిగి, వారం తిరక్కుండానే వదిలేస్తారు. మీ బుర్రకేం లోటు లేదు, ఎంచుకున్న మెట్టు పైది, అంతే.

మీ స్థాయికి సరిపోయేవి ఇవి. డాయిచ్‌లాండ్‌ఫుంక్ రేడియో వాళ్ల ‘నాఖ్‌రిష్టెన్‌లైష్ట్’ (తేలిక వార్తలు): వాక్యాలు చిన్నవి, కష్టమైన మాటలకు కిందే వివరణ, చదివి వినిపించే ఆడియో కూడా ఉంటుంది. తర్వాత ‘టాగెస్‌షావ్ ఇన్ ఐన్‌ఫాఖర్ ష్ప్రాఖె’, అంటే ఏఆర్‌డీ టీవీ బులెటిన్ టాగెస్‌షావ్ తేలిక భాషలో. 2024 జూన్‌లో మొదలైంది, సోమవారం నుంచి శుక్రవారం దాకా సాయంత్రం 7 గంటలకు టాగెస్‌షావ్24 చానెల్లో వస్తుంది, నెట్‌లోనూ దొరుకుతుంది. మూడోది జెడ్‌డీఎఫ్ టీవీ పిల్లల వార్తలు ‘లోగో!’, కీకా చానెల్లో రాత్రి 7:50కి. ఇందులో మాట్లాడే వేగం మామూలు వేగమే, అది ముందే తెలుసుకోండి. అయినా వదలొద్దు. పెద్దల బులెటిన్ మీకు బుండెస్‌రాట్ (రాష్ట్రాల ప్రతినిధుల సభ) అంటే ఏంటో తెలుసనుకుని మాట్లాడుతుంది, లోగో మొదటి నుంచి చెబుతుంది. బయటి దేశం నుంచి వచ్చినవాళ్లకు కావలసింది ఆ మొదటి నుంచి చెప్పడమే.

అయితే నా ఉద్దేశంలో వీటన్నిటికంటే ముందు రావలసింది మీ ఊరి వార్త. మన పేపర్లో కూడా మెయిన్ పేజీల కంటే ముందు జిల్లా పేజీలే తిప్పుతాం కదా, ఇక్కడా అదే చేయండి. బెర్లిన్‌లో ఏ మంత్రి ఏమన్నాడో అర్థం కాకపోయినా మీ రోజు గడుస్తుంది. రేపు ఎస్-బాన్ (లోకల్ రైలు) నడవదన్న వార్త అర్థం కాకపోతే మాత్రం ఆఫీసుకు చేరలేరు. చదవాలన్న పట్టుదల అక్కడే పుడుతుంది. ‘ఈ రోజు నుంచి గంట చదువుతా’ అని ఒట్టు పెట్టుకుంటే రాదు.

ఊరి వార్తలు ఎక్కడ దొరుకుతాయంటే: సాయంత్రం 7:30కి ఎస్‌డబ్ల్యూఆర్ టీవీలో ‘ఎస్‌డబ్ల్యూఆర్ ఆక్టుయెల్’, బాడెన్ వుర్టెంబెర్గ్ రాష్ట్ర వార్తలు. మీ గెమైండె (ఊరి పాలక సంస్థ) వేసే సమాచార పత్రిక ‘మిట్టైలుంగ్స్‌బ్లాట్’: చెత్త తీసే తేదీలు, రోడ్డు మూత, నీళ్ల పైపు మరమ్మతు, సంఘాల కార్యక్రమాలు అన్నీ అందులో ఉంటాయి. కొన్ని ఊళ్లలో ఇంటికే వేస్తారు, కొన్ని ఊళ్లలో చందా కట్టాలి, చాలాచోట్ల మునిసిపాలిటీ సైట్లో పీడీఎఫ్ పెడతారు. వారానికోసారి వచ్చే ఉచిత ప్రకటనల పేపర్ కూడా పనికొస్తుంది. మీ పోస్టు డబ్బా మీద ‘కైనె వెర్బుంగ్’ (ప్రకటనలు వద్దు) స్టిక్కర్ ఉందా చూడండి. దాంతో కరపత్రాలు ఆగుతాయి గానీ వార్తలున్న ఉచిత పేపర్ మామూలుగా వస్తూనే ఉంటుంది. ‘కైనె కోస్టెన్‌లోజెన్ త్సైటుంగెన్’ (ఉచిత పేపర్లు వద్దు) అని కూడా రాసి ఉంటే అదీ రాదు, ఆ ముక్క తీసేయండి.

ఒక వాక్యం విప్పి చూద్దాం. రెండో ప్రపంచ యుద్ధం నాటి బాంబులు ఇక్కడ నేల తవ్వితే ఇప్పటికీ బయటపడుతుంటాయి. అప్పుడు ఇలాంటి వార్త వస్తుంది:

‘వేగెన్ డేర్ ఎంట్‌షెర్ఫుంగ్ ఐనర్ వెల్ట్‌క్రీగ్స్‌బోంబె మ్యూసెన్ ఆలె బెవోనర్ ఇమ్ ఉమ్‌క్రైస్ ఫోన్ 500 మేటర్న్ బిస్ 9 ఊర్ ఈరె వోనుంగెన్ ఫెర్లాసెన్.’

మాట మాటకూ డిక్షనరీ చూడకండి. ముందు అంకెలు పట్టుకోండి: 500 మేటర్, 9 ఊర్. తర్వాత వాక్యం చివరికి వెళ్లండి: ఫెర్లాసెన్, అంటే వదిలి వెళ్లడం. మనకు క్రియ చివర్లో ఉండటం అలవాటే కాబట్టి, ఇంగ్లిష్‌లోంచి కాకుండా నేరుగా తెలుగులోకి తెచ్చుకుంటే ఇలాంటి వాక్యాలు తేలిక: ‘బాంబు నిర్వీర్యం చేస్తున్నందువల్ల 500 మీటర్ల పరిధిలో ఉన్నవాళ్లంతా 9 గంటలలోపు ఇళ్లు ఖాళీ చేయాలి.’ ఎక్కువమంది తప్పు చేసేది ‘బిస్’ దగ్గర. బిస్ 9 ఊర్ అంటే 9 కొట్టేసరికి బయట ఉండాలని, ఆప్ 9 ఊర్ అంటే 9 నుంచి మొదలని. రైలు వార్తల్లోనూ ఇవే తికమక పెడతాయి. వాటితో పాటు మరో నాలుగు ముందే నేర్చుకోండి: ఎంట్‌ఫెల్ట్ (రద్దు), ష్పెరుంగ్ (దారి మూత), ఎర్జాట్స్‌ఫెర్కేర్ (బదులు బస్సులు), ఫోరావ్స్‌జిష్ట్‌లిష్ (అంచనా ప్రకారం, అంటే సమయం మారొచ్చు).

రోజూ చేసే పద్ధతి, 20 నిమిషాలు చాలు:
1. శీర్షిక, ఫొటో చూసి లోపల ఏముంటుందో తెలుగులోనే ఒక వాక్యం అనుకోండి.
2. పాఠం చూడకుండా ఒకసారి వినండి. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఈ మూడే పట్టుకోండి.
3. పాఠం చూస్తూ మళ్లీ వినండి. తెలియని మాటలకు గీత పెట్టండి, అర్థం వెతకొద్దు.
4. గీత పెట్టినవాటిలో ఐదే ఐదు ఏరుకోండి. రెండుసార్లు వచ్చినవీ, అది లేకపోతే వార్త అర్థం కానివీ. నామవాచకమైతే దాని లింగం చెప్పే డేర్, డీ, డాస్‌తో కలిపి, క్రియ అయితే దాని వాక్యంతో సహా రాసుకోండి.
5. చివరగా వార్తను రెండు వాక్యాల్లో పైకి చెప్పండి. చాలామంది ఎగ్గొట్టేది ఇదే. చదివింది నోటికి రావాలంటే ఉన్న దారి కూడా ఇదే.

చెడేది ఎక్కడంటే, మొదటిది బ్రౌజర్. పేజీ తెరవగానే క్రోమ్ ఇంగ్లిష్‌లోకి మార్చేస్తుంది, జర్మన్ కంటికే కనపడదు. సెట్టింగ్స్‌లో జర్మన్‌కు ఆటోమేటిక్ అనువాదం ఆపేయండి. రెండోది, రోజూ ముప్పై మాటలు రాసుకోవడం. అవి మళ్లీ చూసే ఓపిక ఉండదు, నోటుబుక్ బరువెక్కి మూలన పడుతుంది. మూడోది, వార్తల్లో ‘జై’, ‘హాబె’ అని వింతగా కనిపించే క్రియలు. ‘ఆయన అలా అన్నాడట’ అనే అర్థంలో, అది విలేకరి మాట కాదని చెప్పడానికి వాడే రూపం అది. గుర్తుపడితే చాలు, ఏ2లో మీరు వాడక్కర్లేదు.

వంట చేస్తున్నప్పుడు రేడియో పెట్టుకోండి. గంట గంటకూ వార్తలొస్తాయి, అవే విషయాలు దాదాపు అవే మాటలతో. 6 గంటలకు జారిపోయిన మాట 7 గంటలకు దొరుకుతుంది. మీరు శ్రమపడకుండా జరిగే పునశ్చరణ అది.

గెజెట్_చదవరి:
రెండో ప్రశ్నకు. శీర్షికలో క్రియ చూడటం నేర్చుకోండి, సగం భయం అక్కడే పోతుంది.

‘ఫోర్డెర్ట్’ అంటే ఎవరో డిమాండ్ చేశారు. ‘ప్లాంట్’ అంటే అనుకుంటున్నారు. ‘బెష్లీస్ట్’ అంటే తీర్మానించారు, కానీ ఎవరన్నది చూడాలి: కాబినెట్ అయితే అది ఇంకా బిల్లే, బుండెస్టాగ్ (పార్లమెంటు) అయితే ఓటు పడింది. ‘ట్రిట్ ఇన్ క్రాఫ్ట్’ ఉంటేనే అమలు. ఈ నాలుగిటి మధ్య నెలలు గడుస్తాయి. బిల్లు బుండెస్టాగ్‌లో మూడుసార్లు చర్చకు రావాలి, బుండెస్‌రాట్ చూడాలి, అధ్యక్షుడు సంతకం పెట్టాలి, బుండెస్‌గెజెట్స్‌బ్లాట్ అనే ప్రభుత్వ గెజెట్‌లో అచ్చు కావాలి. 2023 నుంచి ఆ గెజెట్ నెట్‌లోనే వెలువడుతోంది, ఎవరైనా ఉచితంగా చూడొచ్చు.

ఉదాహరణకు పౌరసత్వ చట్టం. 2024 జూన్ 27 నుంచి ఎనిమిదేళ్ల గడువు ఐదేళ్లయింది, ప్రత్యేకంగా రాణించినవాళ్లకు మూడేళ్ల దారి పెట్టారు. 2025లో కొత్త ప్రభుత్వం ఆ మూడేళ్ల దారి తీసేస్తామంది. మేలో కాబినెట్ ఒప్పుకుంది, అక్టోబర్‌లో బుండెస్టాగ్ ఓటేసింది, ఆ నెలాఖరున అమలైంది. ఈలోపు వాట్సాప్ గ్రూపుల్లో ‘మొత్తం పౌరసత్వం ఆపేశారు’, ‘మళ్లీ ఎనిమిదేళ్లు చేశారు’ అని ఒకటే ఫార్వర్డులు. నిజానికి ఐదేళ్ల నియమం కదల్లేదు. జర్మనీ రెండు పౌరసత్వాలు ఒప్పుకోవడమూ కదల్లేదు. ఒప్పుకోనిది మన దేశం: జర్మన్ పౌరసత్వం తీసుకున్న రోజే భారత పౌరసత్వం పోతుంది, పాస్‌పోర్ట్ సరెండర్ చేసి ఓసీఐ (భారత మూలాలున్న విదేశీయులకిచ్చే కార్డు) తీసుకోవాలి. వీడియోలు చేసేవాళ్లలో చాలామంది ఈ రెంటినీ కలిపేస్తున్నారు.

నేరాల వార్తల గురించి ఒక మాట. నిందితుడిది ఏ దేశమో రాయాలా వద్దా అన్నదానికి ప్రెస్సెరాట్ (పత్రికా మండలి) నియమావళిలో 12.1 అని ఒక మార్గదర్శకం ఉంది. 2015 డిసెంబర్ 31 రాత్రి కొలోన్‌లో మహిళలపై జరిగిన మూకుమ్మడి వేధింపుల తర్వాత దానిపై పెద్ద వాదం నడిచింది, 2017లో మార్చారు. ఇప్పటి మాట ప్రకారం తగిన ప్రజా ప్రయోజనం ఉంటేనే రాయాలి. ఆ ప్రయోజనం ఉందో లేదో ఎడిటర్లు ఎవరికి వారే తేల్చుకుంటారు. అందుకే ఒకే ఘటన ఒక పేపర్లో దేశం పేరుతో, ఇంకో పేపర్లో పేరు లేకుండా కనిపిస్తుంది. ఇది తెలిస్తే ఆ వార్త చదివినప్పుడు వెంటనే మనసు చెడదు. మీ ప్రాంత పోలీసుల ప్రెస్ నోట్లు ‘ప్రెస్సెపోర్టాల్’ సైట్లో ఉంటాయి, అవి నాలుగు వాక్యాల్లో సూటిగా ఉంటాయి. భాష నేర్చుకోవడానికీ బాగుంటాయి.

రాత్రిపూట టాక్ షోలు మాత్రం ఇప్పుడే వద్దు. నలుగురు ఒకేసారి మాట్లాడతారు, బి2 లేకుండా ఏమీ దక్కదు. దక్కేది వాళ్ల గొంతులో కోపం ఒక్కటే.

పొరుగింటి_పలకరింపు:
చదివిన వార్త మర్నాడు ఒక మనిషితో మాట్లాడే వీలున్నప్పుడే నిలుస్తుంది. అందుకే వార్త ఎంచుకునేటప్పుడు ‘దీన్ని ఎవరితో అనగలను’ అని చూడండి. స్టుట్‌గార్ట్ చుట్టుపక్కల ఎప్పుడూ పనికొచ్చే విషయాలు: ఎస్-బాన్ మూత, స్టుట్‌గార్ట్ 21 స్టేషన్ పనులు, వాతావరణం, వీఎఫ్‌బీ ఫుట్‌బాల్ జట్టు. 2025లో డీఎఫ్‌బీ పోకాల్ (జర్మన్ కప్పు) గెలిచిన జట్టు కాబట్టి ఆఫీసులో వాళ్ల మాట ఎత్తితే ఎవరో ఒకరు అందుకుంటారు. జీతం, మతం, ఎవరికి ఓటేశారన్నది మీరుగా అడగకండి.

‘హాబెన్ జీ గెహ్యోర్ట్, మోర్గెన్ ఫేర్ట్ కైనె ఎస్-బాన్?’ (విన్నారా, రేపు ఎస్-బాన్ లేదట?) ఇంత చాలు మాట కలపడానికి. వాళ్లు ఇంగ్లిష్‌లోకి మారితే నొచ్చుకోవద్దు, సాయం చేస్తున్నామనుకుంటారు. ‘ఇష్ లెర్నె డాయిచ్, క్యోనెన్ విర్ బిటె డాయిచ్ ష్ప్రెఖెన్?’ (జర్మన్ నేర్చుకుంటున్నాను, జర్మన్‌లో మాట్లాడుకుందామా?) అనండి. పెద్దవాళ్లను ‘జీ’ (మీరు) అనే పిలవండి, ‘డూ’ (నువ్వు) అందామని ముందుగా అనాల్సింది వాళ్లే. ఇంకో సంగతి, న్యూస్ చదివే జర్మన్ వేరు, మీ మెట్ల మీద వినిపించే ఇక్కడి యాస ష్వేబిష్ వేరు. ‘నిష్ట్’ బదులు ‘నెట్’, ‘ఇస్ట్’ బదులు ‘ఇష్’ అంటారు. బులెటిన్ అర్థమై పక్కింటావిడ మాట అర్థం కాకపోతే మీ చదువు వృథా అయిందనుకోవద్దు, మళ్లీ చెప్పమనండి, మామూలు జర్మన్‌లో చెబుతారు.

పరిచయానికి మంచి దారి పార్సిల్. పక్కవాళ్లు ఇంట్లో లేనప్పుడు వాళ్ల పార్సిల్ మీరు తీసుకోండి, సాయంత్రం వాళ్లే తలుపు తడతారు. మీ ఇంటికి కేర్‌వోఖె (ఊడ్చే వారం) వంతు బోర్డు తగిలిస్తే ఆ వారం మెట్లు తుడవాలి, అది ఎగ్గొడితే ఏ భాష వచ్చినా మాట కలవదు. ఆదివారం గాజు సీసాలు కంటైనర్లో వేయకండి, రాత్రి 10 దాటాక మిక్సీ పెట్టకండి. ఇంట్లో ఫంక్షన్ ఉంటే రెండు రోజుల ముందు మెట్ల దగ్గర తేదీ, సమయం, ఫోన్ నంబరు రాసి చీటీ అంటించండి.

మనుషుల మధ్యకు వెళ్లాలంటే లైబ్రరీలో ష్ప్రాఖ్‌కఫే (కలిసి భాష మాట్లాడుకునే చోటు), ఫోల్క్స్‌హోఖ్‌షూలెలో (పెద్దలకు క్లాసులు నడిపే సంస్థ) వంట క్లాసో యోగా క్లాసో, లేదంటే ఊరి స్పోర్ట్స్ ఫెరైన్ (క్లబ్బు). భాష క్లాసు కంటే వేరే పని నేర్పే క్లాసు మేలు, చేతిలో పని ఉంటే తప్పులు మాట్లాడటానికి సిగ్గు ఉండదు.

ఈపేపర్_ఉదయం:
పై సలహాలన్నీ బాగున్నాయి. తెలుగు వార్తలు పూర్తిగా మానేయమని కొందరంటారు, నేను ఒప్పుకోను. అమ్మానాన్నలు అక్కడుంటారు, పొలం అక్కడుంటుంది. ఊరి సంగతులు తెలియకపోతే ఫోన్లో మాట్లాడటానికి ‘తిన్నారా’ తప్ప ఏం మిగలదు. తగ్గించాల్సింది అంతం లేని వీడియోలను.

వేసవిలో మనకంటే ఇండియా 3:30 గంటలు ముందు, చలికాలంలో 4:30. మీరు ఆఫీసు నుంచి వచ్చేసరికి అక్కడ ప్రైమ్‌టైమ్ డిబేట్లు అయిపోయి ఉంటాయి. మీరు చూస్తున్నది వాటిని కోసి, భయపెట్టే థంబ్‌నెయిల్ పెట్టిన ముక్కలు. యూట్యూబ్‌లో ఆటోప్లే ఆపండి, న్యూస్ చానెళ్ల నోటిఫికేషన్లు తీసేయండి, హిస్టరీ ఒకసారి చెరిపేయండి, లేదంటే మళ్లీ అవే తెచ్చి పెడుతుంది. బదులుగా పొద్దున కాఫీతో ఒక పేపర్ ఈ-పేపర్, మీ జిల్లా ఎడిషన్‌తో సహా. పేపర్‌కి చివరి పేజీ ఉంటుంది, అక్కడితో లేస్తారు. తుపాను లాంటివి వస్తే చానెల్ గ్రాఫిక్స్ చూసి కంగారు పడకుండా వాతావరణ శాఖ బులెటిన్, విశాఖ తుపాను హెచ్చరికల కేంద్రం ఇచ్చేది చూడండి. గాలి వేగం, తీరం దాటే చోటు, సమయం, మూడూ అందులో ఉంటాయి.

పట్టుదల సంగతి. ఎప్పుడో బి1 రాస్తాననుకుంటే జరగదు, తేదీ కావాలి. గోయ్‌థె సంస్థ పెట్టే బి1 పరీక్షలో చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం నాలుగు భాగాలు, ఒక్కోదానికి 100కి 60 రావాలి. వేటికవి విడివిడిగా రాయొచ్చు, పోయినదొక్కటే మళ్లీ రాయొచ్చు. పైన చెప్పిన వార్తల సాధనతో ముందు మెరుగయ్యేవి చదవడం, వినడం కాబట్టి ఆ రెండింటికీ మూడు నాలుగు నెలల తర్వాతి తేదీకి ఇప్పుడే ఫీజు కట్టేయండి. వార్తలతో రాయడం రాదు, ఈమెయిళ్లు, అభిప్రాయాలు రాసే సాధన వేరే చేయాలి. దీన్ని దాచి ‘వార్తలు వింటే బి1 వచ్చేస్తుంది’ అనేవాళ్ల మాట నమ్మకండి.

నవంబర్ వచ్చేసరికి నాలుగున్నరకే చీకటి పడుతుంది, చాలామంది ఆపేసేది అప్పుడే. అలాంటి రోజుకు ముందే ఒక కనీసం పెట్టుకోండి: ‘టాగెస్‌షావ్ ఇన్ 100 జెకుండెన్’ (వంద సెకన్ల వార్తలు) ఒక్కటి, ఒక్క మాట రాసుకోవడం. అది కూడా పూర్తిగా చేసిన రోజు కిందే లెక్క.

కొత్తకాపు_స్టుట్‌గార్ట్:
చాలా థ్యాంక్సండీ అందరికీ. మిట్టైలుంగ్స్‌బ్లాట్ పీడీఎఫ్ దొరికింది, ఈ వారం దానితోనే మొదలు. ఇంకొక సందేహం. ‘రుండ్‌ఫుంక్‌బైట్రాగ్’ (టీవీ, రేడియో ప్రసారాల రుసుం) అని ఉత్తరం వచ్చింది. మా ఇంట్లో టీవీ లేదు, కట్టాలా? స్థానిక పేపర్ డిజిటల్ చందా తీసుకోవడం మంచిదేనా?

నెకర్_తీరం:
కట్టాలండీ. 2013 నుంచి అది టీవీ మీద కాదు, ఇంటి మీద. ఇంటికి నెలకు 18.36 యూరోలు, మూడు నెలలకోసారి 55.08 పోతుంది. ఇంట్లో ఎంతమంది ఉన్నా ఒక్కరు కడితే చాలు. మీ భార్యకో రూమ్మేట్‌కో వేరే ఉత్తరం వస్తే, ఇప్పటికే కడుతున్నవాళ్ల బైట్రాగ్స్‌నుమర్ (రుసుం ఖాతా నంబరు) రాసి జవాబు పంపండి. పక్కన పెట్టేస్తే ఆలస్య రుసుం కనీసం 8 యూరోలు పడుతుంది, తర్వాత వసూలు నోటీసులు వస్తాయి. ఇల్లు మారినా, దేశం విడిచి వెళ్లినా మీరే తెలియజేయాలి. దేశం విడిచేటప్పుడు ఇచ్చే ఆప్‌మెల్డుంగ్ (చిరునామా రద్దు పత్రం) కాపీ జతచేయండి. ఎలాగూ కడుతున్నారు కాబట్టి ఏఆర్‌డీ, జెడ్‌డీఎఫ్ మీడియాటేక్‌లు (ప్రోగ్రాములు ఆన్‌లైన్‌లో చూసే సైట్లు) వాడుకోండి, జర్మన్ సబ్‌టైటిల్స్ పెట్టుకోవచ్చు. అవి యూట్యూబ్ యంత్రం రాసే సబ్‌టైటిల్స్ కంటే నయం, యూట్యూబ్ వాటిలో ఊళ్ల పేర్లు తప్పులొస్తాయి.

పేపర్ చందా తర్వాత చూద్దురుగానీ, ముందు సిటీ లైబ్రరీ కార్డు తీసుకోండి. చాలా లైబ్రరీలు ప్రెస్‌రీడర్, ఓన్‌లైయె లాంటి ఆన్‌లైన్ సేవల్లో పేపర్లు, పత్రికలు ఇస్తాయి, మీ ఊరి పేపర్ అందులో ఉందో లేదో కౌంటర్లో అడగండి. లేకపోతే అప్పుడు చందా. నెలకు ఒక్క యూరో అని చూపించే ట్రయల్‌లో గడువు తర్వాత పూర్తి ధర పడుతుంది, ఆ తేదీ ఫోన్లో పెట్టుకోండి. ఆన్‌లైన్‌లో తీసుకున్నదానికి 14 రోజుల్లో వీడర్‌రూఫ్ (ఒప్పందం వెనక్కి తీసుకునే) హక్కు ఉంటుంది. 2022 జులై నుంచి సైట్లో రద్దు బటన్ ఉండి తీరాలి, పేజీ అడుగున ‘ఫెర్ట్రేగె హియర్ క్యుండిగెన్’ (ఒప్పందాలు ఇక్కడ రద్దు చేయండి) అని ఉంటుంది. నొక్కాక వచ్చే నిర్ధారణ మెయిల్ దాచుకోండి.